రెండు కథలే రాసిన పాజ్ మార్కెజ్ బెనితెజ్

(ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఫిలిప్పీన్స్ అనగానే ఈ రోజుల్లో మనకు ముందు గుర్తొచ్చేది మెడిసిన్ సీటు. ఈ హాల్లో కూడా పిల్లల్ని దవావోకో మనీలాకో పంపినవాళ్లు ఉండే ఉంటారు. ఫీజు ఎంత, అక్కడ తిండి పడుతుందా, తిరిగొచ్చాక ఇక్కడి పరీక్ష గట్టెక్కుతారా అని బోలెడు టెన్షన్ పడతాం. అక్కడ కథలు రాసేవాళ్లు ఎవరని మాత్రం ఎవరం అడగం. పిల్లలు ఐదారేళ్లు ఉండి వచ్చే దేశం కదా, ఒక్క రచయిత పేరైనా తెలిస్తే బాగుంటుందని నా ఆశ. ఇవాళ ఆ ఒక్క పేరు చెబుతాను.

ఆవిడ పేరు పాజ్ మార్కెజ్ బెనితెజ్. 1894 మార్చిలో పుట్టారు, 1983 నవంబరులో కన్నుమూశారు. దగ్గర దగ్గర తొంభై ఏళ్ల జీవితం. పేరు తెచ్చిన కథలు చూస్తే రెండంటే రెండు. వాటిలో మొదటిది 'డెడ్ స్టార్స్', 1925లో 'ఫిలిప్పీన్ హెరాల్డ్' పత్రికలో వచ్చింది. ఫిలిపినోలు ఇంగ్లిష్‌లో రాసిన తొలి ఆధునిక కథ అని దాన్నే చెప్పుకుంటారు. అక్కడి పిల్లలు పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఇప్పటికీ చదువుతున్నారు.

'తొలి' అన్నామంటే తగవు కూడా వెంటే వస్తుంది, మనకు తెలియనిది కాదు. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' మొదటిదా, 1902లో భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' మొదటిదా అని మనం ఇంకా తేల్చుకుంటూనే ఉన్నాం. అక్కడా అంతే. యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ విద్యార్థులు 1910లోనే 'కాలేజ్ ఫోలియో' అనే పత్రిక పెట్టుకుని ఇంగ్లిష్‌లో రాయడం మొదలుపెట్టారు. జోయిలో గలాంగ్ ఇంగ్లిష్ నవల 1921లో వచ్చేసింది. అయితే అవన్నీ చెయ్యి తిరగని రోజుల రాతలు. 'డెడ్ స్టార్స్' దగ్గరికి వచ్చేసరికి, ఎక్కడ చెప్పాలో ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి రాసిందని మొదటి పేజీలోనే అర్థమైపోతుంది. 'తొలి' అన్న కిరీటం సంగతి పండితులు చూసుకుంటారు గానీ, కథ మాత్రం గట్టిది.

ఆవిడ కాలం గురించి కాస్త చెప్పాలి. లేకపోతే ఆ కథ ఎంత తొందరగా వచ్చిందో తెలియదు. ఆమె పుట్టిన ఊరు లుసేనా, అప్పటి తయాబాస్ రాష్ట్రంలో ఉంది. ఇప్పుడు ఆ రాష్ట్రాన్ని కెజోన్ అంటున్నారు. పుట్టేనాటికి దేశం స్పెయిన్ చేతిలో ఉంది. ఆమెకు నాలుగేళ్లప్పుడు, 1898లో, పారిస్ ఒప్పందంలో స్పెయిన్ ఆ దీవుల్ని అమెరికాకు అప్పగించి 2 కోట్ల డాలర్లు పుచ్చుకుంది. అక్కడి జనాన్ని అడిగిన నాథుడు లేడు. మరుసటి ఏడే అమెరికాతో యుద్ధం వచ్చింది. ఒకపక్క ఆ యుద్ధం నడుస్తుండగానే అమెరికన్లు బళ్లు తెరిచారు. 1901 ఆగస్టులో థామస్ అనే ఓడలో సుమారు 500 మంది అమెరికన్ టీచర్లు మనీలా రేవులో దిగారు. ఓడ పేరు మీద వాళ్లను థామసైట్లు అంటారు. ఆ ఏడాది నుంచి బడిలో చదువంతా ఇంగ్లిష్‌లోనే. అప్పుడు మన పాజ్‌కి ఏడేళ్లు.

ఇంట్లో మాట్లాడేది టాగలోగ్. చదువుకున్న పెద్దల భాష స్పానిష్. హోసె రిసాల్ దేశాన్ని కదిలించిన నవలలు రాసింది స్పానిష్‌లోనే. 1896లో ఆయన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత పదేళ్లు తిరిగేసరికి బడి పిల్లల చేతిలో ఉన్నది ఇంగ్లిష్ వాచకం. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేని పరిస్థితి. ఇంగ్లిష్ మీడియం కావాలా వద్దా అని మనం టీవీల్లో కొట్టుకుంటాం కానీ, ఒక దేశం ఒక్క తరంలో చదువుల భాషను అలా మార్చేసుకోవడం మన ఊహకు అందదు. థామస్ ఓడ వచ్చిన 24 ఏళ్లకు 'డెడ్ స్టార్స్' వచ్చింది. పరాయి భాష బడిలోకి వచ్చి పావు శతాబ్దమైనా కాకముందే ఇలాంటి కథ!

ఇంకో తమాషా చూడండి. కథ అచ్చు వేసిన 'ఫిలిప్పీన్ హెరాల్డ్' 1920లో పుట్టిన పత్రిక. స్వాతంత్ర్యం కావాలన్న ఫిలిపినో నాయకుల గొంతు అది. అమెరికా వాడు పోవాలని అమెరికా వాడి భాషలోనే రాసేవాళ్లు. మనవాళ్లూ చేశారు కదా ఆ పని.

యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ 1908లో పెట్టారు. అందులో చేరిన మొదటి జట్టు విద్యార్థుల్లో పాజ్ ఒకరు. 1912లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. మనీలాలో ఏటేటా పెద్ద కార్నివాల్ జరిగేది, దానికి ఒక రాణిని ఎన్నుకునేవారు. 1912లో ఆ కిరీటమూ ఈవిడదే. ఈ సంగతి చెబితే మన సాహిత్య సభల్లో కొందరు ముఖం చిట్లిస్తారు. (నవ్వులు) అందగత్తె అయితే మంచి కథ రాయకూడదని ఎక్కడా లేదు. పైగా ఆ కిరీటం వల్ల ఒక మేలు జరిగి ఉంటుందని నాకనిపిస్తుంది. మగవాళ్లు ఒక ఆడమనిషిని ఎలా చూస్తారో ఆవిడకు దగ్గర నుంచి తెలుసు. కథలో అది కనిపిస్తుంది, చెబుతాను.

1914లో ఫ్రాన్సిస్కో బెనితెజ్‌తో పెళ్లి. ఆయన తర్వాత అదే యూనివర్సిటీలో ఎడ్యుకేషన్ కాలేజీకి తొలి డీన్ అయ్యారు. నలుగురు పిల్లలు. 1916 నుంచి 1951 దాకా ఆవిడ ఆ యూనివర్సిటీలోనే ఇంగ్లిష్ శాఖలో కథారచన నేర్పారు. 1919లో 'విమెన్స్ హోమ్ జర్నల్' అనే పత్రిక పెట్టారు. ఆ దేశంలో ఆడవాళ్ల కోసం వచ్చిన మొదటి పత్రికగా దానికి పేరు. అదే ఏడాది మరికొందరు ఆడవాళ్లతో కలిసి ఫిలిప్పీన్ విమెన్స్ కాలేజ్ స్థాపనలో పాలు పంచుకున్నారు. ఆ కాలేజీ 1932లో యూనివర్సిటీ అయింది, ఇప్పటికీ నడుస్తోంది. ఇన్ని చేసిన మనిషికి అప్పటికి ఓటు హక్కు లేదు. 1937లో ఆడవాళ్లందరి చేత ఓటు వేయించి అడిగారు, మీకు ఓటు కావాలా అని. కావాలన్నవాళ్లు కనీసం 3 లక్షలు ఉండాలని షరతు పెట్టారు. దాదాపు నాలుగున్నర లక్షల మంది కావాలన్నారు. అప్పటికి పాజ్‌కి 43 ఏళ్లు.

సరే, కథలోకి వెళ్దాం. నేను ఇవాళ వచ్చిందే దీనికోసం.

అల్ఫ్రెడో సలజార్ లాయరు, ముప్ఫై దాటాయి. ఎస్పెరాంజా అనే అమ్మాయితో ప్రేమ, నిశ్చితార్థం అన్నీ కలిపి నాలుగేళ్లు కావస్తోంది. కథ మొదట్లో అతని తోబుట్టువు కార్మెన్ గులాబీ కుండీల దగ్గర పని చేసుకుంటూ, పెళ్లి విందు ఎప్పుడు అని తండ్రిని అడుగుతుంది. వచ్చే నెలే కావాలని ఎస్పెరాంజా అంటోందట, వీడు మాత్రం గట్టిగా ఏమీ చెప్పడం లేదు అంటాడు ఆ తండ్రి. ఇంట్లో అందరికీ తొందరే, పెళ్లికొడుక్కి తప్ప. ఇక్కడే రచయిత్రి మనకు మనిషిని చూపించేసింది.

తండ్రి ఒకరోజు అతన్ని పొరుగునే ఉన్న ఒక జడ్జిగారి ఇంటికి తీసుకెళ్తాడు. అక్కడ ఒక యువతి ఉంటుంది. జడ్జిగారి చెల్లెలు కాబోలనుకుని, ఆ సాయంత్రమంతా ఆయన ఇంటిపేరుతోనే పిలుస్తూ మాట్లాడతాడు. అలా పిలిచినప్పుడల్లా ఆ అమ్మాయి ముచ్చటగా నవ్వుతుంది. ఎందుకు నవ్వుతోందో ఇతనికి అర్థం కాదు. తర్వాత తండ్రి చెబుతాడు, ఆవిడ జడ్జిగారి చెల్లెలు కాదురా, మరదలు, పేరు హూలియా సలాస్ అని. ఇతను సిగ్గుపడి మళ్లీ కలిసినప్పుడు క్షమాపణ చెబితే ఆ అమ్మాయి తన సంగతి చెబుతుంది. తానూ ఒకసారి మనలాంగ్ అనే ఆయన్ని పట్టుకుని మనలో, మనలో అని పిలుస్తూ ఉందట. పదోసారికి ఆయన కుర్చీలోంచి లేచి, 'క్షమించండి, నా పేరు మనలాంగ్' అన్నాడట. అలా సరిదిద్దినందుకు ఆయన్ని ఇంతవరకూ క్షమించలేదట!

ఇద్దరు మనుషులు దగ్గరవడం రాయమంటే మనలో చాలామంది వెన్నెల, వాన, చూపులు అంటూ నాలుగు పేజీలు నింపుతాం. ఈవిడ ఒక తప్పు పేరుతో పని ముగించింది. ఎదుటివాడి పొరపాటును దిద్దకుండా, లోపల నవ్వుకుంటూ సాగనిచ్చే అమ్మాయి అని హూలియా గురించి మనకు తెలిసిపోయింది. ఇలాంటి అమ్మాయి ముందు ఇతను నిలబడలేడనీ తెలిసిపోయింది.

ఆ ఇంటికి రాకపోకలు పెరుగుతాయి. ఆదివారం చర్చి అయ్యాక ఎస్పెరాంజా ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతుంది. ఇంటికెళ్లి పని చేసుకుంటానంటాడు. అబద్ధాలు చెప్పే అలవాటు లేదు కాబట్టి, అప్పుడప్పుడు నాన్నతో జడ్జిగారింటికి వెళ్తానని కూడా కలుపుతాడు. ఆవిడ ఇంకేమీ అడగదు. నిశ్చితార్థం అయిందంటే ఆ మనిషి ఇంకొకరిని ప్రేమించే ప్రశ్నే లేదని, పెళ్లయిందంటే భార్యను ప్రేమించి తీరతాడని ఆవిడ నమ్మకం. రచయిత్రి ఈ మాటలు చాలా మామూలుగా చెప్పి పక్కకు వెళ్లిపోతుంది. వెటకారమా, జాలా? రెండూ అని నా లెక్క. మొగుడు కదా, ప్రేమ ఉండకేం చేస్తుంది అనే మేనత్తలు మన ఇళ్లలో లేరా!

గుడ్ ఫ్రైడేకు ముందు రోజు ఊరేగింపు. కొవ్వొత్తులు పట్టుకుని ఆడవాళ్లు బారులు తీరి నడుస్తుంటారు. ఆ జనంలో హూలియా కనిపిస్తుంది. ఆమెకు నిశ్చితార్థం సంగతి అప్పటికి తెలిసిపోయింది. ఇతను తనంతట తాను చెప్పలేదు, ఊరు చెప్పింది. నా పెళ్లికి వస్తావా అని అడుగుతాడు. పిలిస్తే వస్తానంటుంది. పిలుస్తున్నాను అంటాడు. అయితే వస్తాను అంటుంది. అంతే. నేను ఈ చోటు ఎప్పుడు చదివినా పుస్తకం కాసేపు పక్కన పెడతాను. గొంతు పెంచరు, కన్నీళ్లుండవు. అయినా మొత్తం అక్కడే అయిపోయింది.

ఆ తర్వాత ఎస్పెరాంజాతో మాట జరుగుతుంది. వాళ్లిద్దరి మధ్య ప్రేమ చీటీలు మోసిన కలిక్స్తా అనే పేదమ్మాయి పెళ్లి లేకుండా ఒకడితో వెళ్లిపోయింది. ఎస్పెరాంజా ఆమెను తిట్టిపోస్తుంది. ఇతను ఆ అమ్మాయిని వెనకేసుకొస్తాడు. నిజానికి వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నది కలిక్స్తా గురించి కాదని ఇద్దరికీ తెలుసు. చివరికి ఎస్పెరాంజాయే తెగించి, నా మీద విసుగు పుట్టిందని చెప్పొచ్చు కదా అని అడిగేస్తుంది. తలుపు తీసి పొమ్మన్నట్టే అది. ఇతను పోలేదు. ఇంత తెలివైన లాయరుకు ఆ క్షణంలో నోట మాట రాలేదు. పెళ్లి జరిగిపోయింది.

ఎనిమిదేళ్లు గడిచాక ఒక కేసు పని మీద పడవలో హూలియా వాళ్ల ఊరు శాంతా క్రూజ్ వెళ్లాల్సి వస్తుంది. 'పీపుల్ ఆఫ్ ది ఫిలిప్పీన్ ఐలాండ్స్ వర్సెస్ బెలీనా' అని కేసు పేరు. కథ మొత్తంలో ఒక్క అమెరికన్ పాత్ర లేడు, తెల్లవాడి ప్రస్తావన లేదు. అమెరికా రాజ్యం ఉందని గుర్తు చేసేది ఆ కేసు పేరు ఒక్కటే. అమెరికా భాషలో రాస్తూ అమెరికాను గుమ్మం బయటే కూర్చోబెట్టింది చూశారా, దానికి నేను చెయ్యెత్తి మొక్కుతాను. ఇంగ్లిష్‌లో రాసే మన దేశపు రచయితలు కొందరు ఇప్పటికీ విదేశీ పాఠకుడి కోసం ఇడ్లీ అంటే ఏమిటో వివరిస్తుంటారు. 1925లో ఈవిడకు ఆ అవసరం కనిపించలేదు.

ఇతను వెతుక్కుంటూ వచ్చిన సాక్షి ఊళ్లో లేదు. రాత్రికి పడవలోనే ఆగాలి. ఇతను ఒడ్డు దిగి నడుచుకుంటూ హూలియా ఇంటికి వెళ్తాడు. ఆమెకు పెళ్లి కాలేదు. కూర్చుని పొడిపొడిగా మాట్లాడుకుంటారు. ఏదో తగ్గిందనిపిస్తుంది ఇతనికి, ఏమిటో తెలియదు. వెళ్లేటప్పుడు ఆమె చెయ్యి కాస్త నొక్కుతాడు, పరీక్ష చేస్తున్నట్టు. తన చేతిలోనే ఏ చలనమూ లేదు. ఆమెకు ఇంకా ప్రేమ ఉందా అన్న ప్రశ్న వస్తుంది గానీ, దానికి జవాబు తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా ఉండదు. ఎప్పుడో ఆరిపోయిన నక్షత్రాల వెలుగును ఇన్నేళ్లూ చూస్తూ బతికానని అప్పుడు తెలుస్తుంది.

ఎక్కువమంది విమర్శకులు నక్షత్రాల దగ్గర ఆగిపోతారు. నన్ను పట్టుకున్నది ఆ చెయ్యి నొక్కడం. అతని గుండె లోపలి నుంచే కథంతా చెబుతూ, అతని బాధకు మనం కరిగిపోయే సమయంలో, ఈ మనిషి ఎంత తనలో తాను మునిగినవాడో ఆ ఒక్క చేష్టతో చూపించింది. ఇద్దరు ఆడవాళ్ల బతుకుల్ని తన నాన్చుడుతో కుదిపినవాడు, ఎనిమిదేళ్ల తర్వాత గుమ్మంలో నిలబడి తన నాడి తాను చూసుకుంటున్నాడు! హూలియా ఆ ఎనిమిదేళ్లు ఎలా గడిపింది? కథ చెప్పదు. చెప్పకపోవడం మర్చిపోయి కాదు. అతను అడగలేదు కాబట్టి మనకు తెలియదు. కార్నివాల్ రాణి సంగతి ఇందుకే ఎత్తాను. చూసే మగవాడి కళ్లలోంచే కథ నడిపి, ఆ చూపుకు అందనిది ఎంతుందో ఆ ఖాళీలతోనే చెప్పింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సముద్రం, చెట్ల నీడలు, సంధ్యవెలుగు వచ్చినప్పుడల్లా వాక్యం బరువెక్కుతుంది, విశేషణాలు మీద పడతాయి. ఇప్పటి కాలేజీ పిల్లలు అక్కడ పేజీలు తిప్పేస్తే తప్పుపట్టను. మనుషులు నోరు విప్పగానే మళ్లీ కథ పరిగెడుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఇంత రాయగలిగిన మనిషి రెండు కథలతో ఎందుకు ఊరుకుంది? రెండో కథ 'ఎ నైట్ ఇన్ ది హిల్స్'. అందులో హెరార్డో లూనా అనే ఆయన మనీలా రొసారియో వీధిలో నగల దుకాణంలో సేల్స్‌మన్. అడవిలోకి వెళ్లాలన్నది ఆయన కల. భార్య పోయాక ఒక చుట్టంతో అడవికి వెళ్తాడు. ఒక్క రాత్రికే చలి, భయం, ఒళ్లు నొప్పులు. కలగన్నది చేతికి దొరికితే అందులో ఏమీ లేదు. అల్ఫ్రెడో పడవ దిగి ఏం చూశాడో ఈయన కొండెక్కి అదే చూశాడు. ఈ కథ 'డెడ్ స్టార్స్' అంత ఎత్తుకు వెళ్లలేదు, కానీ హాస్యం ఇందులోనే ఎక్కువ.

పిల్లలు, సంసారం, ఉద్యోగం ఆవిడ చేత కలం పక్కన పెట్టించేశాయని కొందరు జాలిపడతారు. నాకూ ఆ దిగులు లేకపోలేదు, ఇంకో పది కథలుంటే ఎంత బాగుండేదో. కానీ ఆవిడ క్లాసులో కూర్చున్నవాళ్ల పేర్లు చూడండి. పాజ్ లతొరేనా, లొరెతో పారస్, ఇద్దరూ ఆ దేశపు తొలి తరం కథకురాళ్లలో ముందు వరుసవాళ్లు. ఆర్తురో రోతోర్ డాక్టరు, సంగీతం కూడా చదువుకున్నాడు, అయినా ఆయన్ను జనం గుర్తుపెట్టుకుంది కథలతో. మెడిసిన్ పిల్లల తల్లిదండ్రులు ఈ పేరు రాసుకోండి. (నవ్వులు) అమెరికా వలసపోయి అక్కడ ఒంటరిగా ముసలివాళ్లయిపోయిన ఫిలిపినోల బతుకును రాసిన బియెన్వెనిదో సాంతోస్ ఆవిడ శిష్యుడే. ఫ్రాన్సిస్కో అర్సెయానా కూడా. ఆయనకు 1990లో ఆ దేశపు జాతీయ కళాకారుడి గౌరవం వచ్చింది. ఇది ఒక క్లాసు అంటే నమ్మబుద్ధి కాదు. మన దగ్గర కథలు రాసేవాళ్లకు పత్రిక ఎడిటర్లే గురువులయ్యారు. యూనివర్సిటీలో కథ రాయడాన్ని పాఠంగా పెట్టి, దశాబ్దాల తరబడి ఒకే మనిషి నేర్పడం మనకు జరగలేదు.

నేర్పి వదిలేయలేదు. 1920ల చివర్లో తన విద్యార్థుల కథలు ఏరి 'ఫిలిపినో లవ్ స్టోరీస్' అని సంకలనం తెచ్చారు. ఫిలిపినోల ఇంగ్లిష్ కథలతో వచ్చిన తొలి సంకలనాల్లో అదొకటి. తన కథ ఒకటి అచ్చయిన నాలుగైదేళ్లలోపే పక్కవాళ్ల కథలకు పుస్తకం వేసిందంటే ఆవిడ మనసు ఎటు ఉందో చూడండి.

1951లో భర్త పోయారు. అదే ఏడాది క్లాసు వదిలి, ఆయన చూసిన 'ఫిలిప్పీన్ జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషన్' సంపాదకత్వం తీసుకుని రెండు దశాబ్దాలకు పైగా నడిపారు. ఎనభైకి దగ్గరపడే దాకా ప్రూఫులతో గడిపారన్నమాట. ఆవిడ కూతురు వర్జీనియా బెనితెజ్ లికువానన్ 1995లో అమ్మ జీవితం, ఉత్తరాలు, రచనలు కలిపి ఒక పుస్తకం తెచ్చారు. మనీలాలో అతెనెయో యూనివర్సిటీ వాళ్లకు ప్రత్యేకంగా స్త్రీల రచనల గ్రంథాలయం ఒకటి ఉంది. ఇంగ్లిష్‌లో రాసిన ఫిలిపినో స్త్రీల గురించి అక్కడ పాజ్ పేరు మీద స్మారకోపన్యాసాలు ఏర్పాటు చేశారు.

'డెడ్ స్టార్స్' ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఒక పూటలో చదివేయొచ్చు. మొదటి రెండు పేజీలు కాస్త ఓపిక పట్టండి, జడ్జిగారింటికి వెళ్లగానే కథ మిమ్మల్ని లాక్కుపోతుంది. మీలో ఎవరైనా దాన్ని తెలుగు చేస్తానంటే, ఊరేగింపులో వాళ్లిద్దరి మాటలు ముందు చేసి చూపించండి. అవి కుదిరితే మిగతాది అదే వస్తుంది.

టైము దాటినట్టుంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. (నవ్వులు) ప్రశ్నలుంటే అడగండి.